మళ్లీ వచ్చేవాడి కంచం: గోపాల్‌పూర్ తీరంలో మంచి తిండి ఎలా దొరుకుతుంది

ఇచ్ఛాపురం, సోంపేట, పర్లాకిమిడి, రాయగడ వైపుల నుంచి సెలవు రోజున ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్ వెళ్లే తెలుగు కుటుంబాలు ఎక్కువ. పిల్లలు అలల్లో ఆడతారు, పెద్దలు ఇసుకలో కూర్చుంటారు, మధ్యాహ్నానికి అందరికీ ఆకలేస్తుంది. ఎదురుగా కనిపించిన హోటల్లోకి వెళ్లి చందువా వేపుడు, రొయ్యల కూర చెప్తారు. బిల్లు బరువుగా ఉంటుంది గాని చేప చప్పగా ఉంటుంది. తిరుగు ప్రయాణంలో బరంపురం స్టేషన్ దగ్గర తిన్న ఇడ్లీయే ఆ రోజు మొత్తంలో బాగుందని చెప్పుకుంటారు. ఎదురుగా సముద్రం ఉండీ చేప బాగోకపోవడమేమిటన్నది న్యాయమైన ప్రశ్నే. వంటవాడికి చేతకాదనడం దీనికి సరైన జవాబు కాదు. ఆ ఊరు ఎవరి మీద ఆధారపడి బతుకుతోంది, పొద్దున్న ఒడ్డుకు చేరిన చేప ఏ దారిన పోతోంది, ఏ నెలలో సముద్రం ఏమిస్తోంది అనే మూడు సంగతులు కలిపి చూస్తే గాని జవాబు దొరకదు.

ముందుగా తినేవాడి సంగతి చూడాలి. ఏ ఊళ్లోనైనా హోటలుకు రెండు రకాల మనుషులు వస్తారు. రోజూ వచ్చేవాడు ఒక రకం, జన్మలో ఒకసారి వచ్చేవాడు ఇంకో రకం. రోజూ వచ్చేవాడికి నిన్నటి పప్పు పోస్తే రేపు పక్క హోటల్లో కూర్చుంటాడు. ఆ భయమే వంటను నిలబెడుతుంది. విహారానికి వచ్చినవాడు తిండి బాగున్నా బాగోకపోయినా రేపు రైలెక్కిపోతాడు. అతన్ని లోపలికి రప్పించాల్సింది బోర్డు, సముద్రం కనిపించే కిటికీ, గుమ్మం ముందు నిలబడి పిలిచే కుర్రాడు. అందుకే ఖర్చు అక్కడ పెడతారు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, వ్యాపారం నడిచే తీరే అంత. అద్దె ఎక్కువున్న స్థలంలో, ఏడాదిలో కొన్ని నెలలే జనం వచ్చేచోట, నాలుగు నెలల ఆదాయంతో పన్నెండు నెలలు నెట్టుకురావాల్సిన యజమాని ఇంకోలా చేయడం కష్టం.

జూదశాలల మీద బతికే తీర పట్టణాల్లో ఇదే సూత్రం మరింత గట్టిగా కనిపిస్తుంది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు అట్లాంటిక్ సిటీలో 1976లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి కాసినోలకు అనుమతిచ్చారు. 1978లో మొదటిది తెరుచుకుంది. ఆటగాడు బయటికి వెళ్తే ఆట ఆగిపోతుంది కాబట్టి కాసినోలు తిండిని లోపలే పెట్టాయి. చవక బఫేలు పెట్టాయి, ఎక్కువ పందెం కాసేవారికి ఉచిత భోజనాలు పెట్టాయి. ఊరికి వచ్చే జనం పెరిగినా వీధుల్లోని హోటళ్లకు ఆ జనం చేరలేదు. అయినా ఆ ఊళ్లో మంచి భోజనం కావాలనుకునేవారు ఇప్పటికీ చెప్పుకునే పేర్లలో కాసినోల కంటే ముందునుంచీ ఉన్నవి ఉంటాయి. 1897 నాటి డాక్స్ ఆయిస్టర్ హౌస్ అలాంటిది. పొడవాటి రొట్టెలో మాంసం, జున్ను నింపి అమ్మే 1946 నాటి వైట్ హౌస్ సబ్ షాప్ అలాంటిదే. ఊరివాళ్లు తినడం మానలేదు కాబట్టి అవి నిలిచాయి. మన దేశంలో గోవాలోనూ దీని నీడ కనిపిస్తుంది. మాండవి నదిలో నిలిపిన ఓడల్లోని కాసినోల్లో ప్రవేశ రుసుముతోపాటే భోజనం కలిపి ఇస్తారు. అక్కడ తిన్నవాడికి పణజీ సందుల్లో మధ్యాహ్నం దొరికే చేప కూర, అన్నం సంగతి తెలియకుండానే సెలవు అయిపోతుంది.

గోపాల్‌పూర్‌లో కాసినో లేదు. కానీ గదితోపాటు ఉదయం ఫలహారం, రాత్రి భోజనం కలిపి అమ్మే రిసార్టు పద్ధతి వచ్చిన ప్రతిచోటా ఫలితం ఆ దారిలోనే ఉంటుంది. అతిథి లోపల తింటాడు, ఊరు బయట ఉండిపోతుంది.

ఈ ఊరి చరిత్ర చూస్తే విషయం ఇంకొంచెం తేటపడుతుంది. గోపాల్‌పూర్ ఉన్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ రోజుల్లో గోపాల్‌పూర్ రేవు పట్టణం. ఇక్కడి నుంచి రంగూన్‌కు స్టీమర్లు నడిచేవి. తెలుగువాళ్లు, ఒడియావాళ్లు కూలి పనులకు బర్మా వెళ్లింది ఈ ఒడ్డు నుంచే. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా జపాను చేతికి పోయాక ఆ రాకపోకలు తెగిపోయాయి, రేవు చప్పబడింది. మిగిలింది సముద్రపు గాలి కోసం కట్టుకున్న బంగళాలు, ఇటలీ దేశస్థుడొకాయన 1914లో పెట్టిన పామ్ బీచ్ హోటల్. ఆ హోటల్ తరవాత ఒబెరాయ్ వారికి, ఇటీవలి కాలంలో మేఫెయిర్ వారికి వచ్చింది. బంగళాల్లో దిగేవాళ్లకు వంటవాళ్లు ఉండేవారు, పెద్ద హోటల్లో దిగేవాళ్లకు హోటల్ వంటే ఉండేది. కాబట్టి బజారులో మంచి భోజనశాల పుట్టాల్సిన అవసరం ఈ ఒడ్డున పెద్దగా రాలేదు. అసలైన భోజనాల బజారు 16 కిలోమీటర్ల దూరంలో, బరంపురంలో పెరిగింది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే సగం వెతుకులాట తప్పుతుంది.

ఇక చేప దారి. తెల్లవారకముందే గోపాల్‌పూర్ ఒడ్డుకు వెళ్లినవాళ్లకు వినిపించే మాట తెలుగు. బయటివాళ్లు నోలియాలు అని పిలిచే ఇక్కడి మత్స్యకారుల్లో ఎక్కువమంది వాడబలిజలు, జాలర్లు. శ్రీకాకుళం తీరంలోని బంధువులతో వియ్యం అందుకుంటారు. ఇళ్లల్లో తెలుగు, బడిలో ఒడియా, యాత్రికులతో హిందీ, కాస్త బెంగాలీ. దుంగలు కట్టిన తెప్పల స్థానంలో ఇప్పుడు మోటారు బిగించిన ఫైబరు పడవలు వచ్చినా, పడవను నేరుగా ఇసుక మీదికి లాగే పద్ధతి మాత్రం పోలేదు. పడవ ఒరిగీ ఒరగకముందే చేప మూడు భాగాలవుతుంది. పెద్ద వంజరం, చందువా, పెద్ద రొయ్య షావుకారి ఐసు పెట్టెలోకి వెళ్తాయి. ఆయన వలకో, మోటారుకో ముందుగానే అప్పిచ్చి ఉంటే ఆ చేప ఆయనదే. అది బరంపురం మీదుగా పెద్ద ఊళ్లకు, హౌరా దాకా కూడా పోతుంది. మధ్యరకం చేప ఆడవాళ్ల గంపల్లోకి ఎక్కి బరంపురం బజారుకూ చుట్టుపక్కల ఊళ్లకూ వెళ్తుంది. మిగతాది పల్లెలోని పొయ్యి మీదికి, ఎండబెట్టే ఇసుక మీదికి వెళ్తుంది.

దీని అర్థం ఏమిటంటే, తీరంలో దిగిన ఖరీదైన చేప తీరంలోనే ఉండిపోయే అవకాశం తక్కువ. ఒడ్డునున్న హోటలుకు ఏడాది పొడుగునా మెనూలో చందువా ఉండాలి, ఎందుకంటే వచ్చినవాడు అదే అడుగుతాడు. దిగిన రోజున కొంటారు, దిగని రోజున ఐసు పెట్టెలోది తీస్తారు. మూడు రోజుల కిందటి చందువాకు కారం, మసాలా బాగా పట్టించి నూనెలో ఎర్రగా వేపితే లోపం సగం కప్పబడుతుంది. సాయంత్రం బండ్ల మీద ఎర్రటి ముద్దలో వరసగా పేర్చి ఉంచిన చేపల్లో తాజావీ ఉంటాయి, కానివీ ఉంటాయి. ఆ ఎరుపు కింద ఏది ఏదో కంటికి తెలియదు.

దీనికి విరుగుడు చవక చేపలో ఉంది. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు, గులివిందలు, సావళ్లు లాంటివి దూరం పంపితే ఐసు ఖర్చు కూడా గిట్టదు. అందువల్ల అవి దిగిన రోజే, దిగిన ఊళ్లోనే అమ్ముడుపోతాయి. యాత్రికుడు పేరు తెలియక వదిలేసే ఈ చేపలే ఒడ్డున దొరికేవాటిలో తాజాగా ఉండే అవకాశం ఎక్కువున్నవి. ఈ విషయంలో తెలుగు యాత్రికుడికి ఉన్న సౌకర్యం కోల్‌కతా నుంచి వచ్చినవాడికి లేదు. చేప పేర్లు తెలిసినవే, అమ్మే అక్క మాట్లాడేది తన భాషే. “చందువా ఉందా?” అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు. “ఈ పొద్దు ఏం దిగింది అక్కా?” అని అడిగితే వచ్చే జవాబు వేరు. ఒడియా హోటలయితే “ఆజి కొణ మాఛొ అఛి?” అన్న నాలుగు మాటలు చాలు. మెనూ కార్డు చూసి వంటకం ఎంచుకోవడం కంటే, ఆ రోజు చేప ఏదో తెలుసుకొని దానికి తగిన వంట అడగడం ఈ తీరంలో మంచి పద్ధతి. కవళ్లు దిగాయంటే పులుసు, కానాగంతలయితే వేపుడు, గులివిందలయితే పలచటి ఇగురు.

వండే పద్ధతి దగ్గర కూడా రెండు సంప్రదాయాలు ఈ ఒడ్డున పక్కపక్కనే ఉన్నాయి. నోలియా ఇళ్లది చింతపండు పులుసు. పచ్చిమిర్చి, ఉల్లి, ధనియాలు, వెల్లుల్లి తప్ప పెద్దగా మసాలా ఉండదు, నూనె తక్కువ, పులుపు, కారం ఎక్కువ. పొద్దున్న వండి మధ్యాహ్నం తింటే ఒక రుచి, మర్నాటికి చద్దన్నంలో ఇంకో రుచి. ఒడియా ఇళ్లది బెసర. ఆవాలు, వెల్లుల్లి, మిర్చి కలిపి నూరిన ముద్దలో, ఆవనూనెతో, ఎండు మామిడి ముక్కో టమాటానో పులుపుకు వేసి వండుతారు. ఈ రెండూ చేప రుచిని పైకి తెచ్చే వంటలు. పాత చేపతో ఇవి రెండూ కుదరవు, నీచు వాసన బయటపడిపోతుంది. హోటళ్లలో ఎక్కువగా దొరికేది మూడోది, అదే కోడికూరకూ పనీరుకూ రొయ్యలకూ ఒకే గిన్నెలోంచి తీసి పోసే ఎర్రటి గ్రేవీ. అది వడ్డించేచోట చేప తినడం కంటే గుడ్డు కూర తినడం మేలు. కాబట్టి ఒక హోటలు పులుసో, బెసరో ధైర్యంగా చేసి పెడుతోందంటే వాళ్లకు తమ చేప మీద నమ్మకం ఉందని అర్థం చేసుకోవచ్చు. ఒడ్డున తిండి వెతికేవాళ్లకు ఇంతకంటే మంచి ఆనవాలు లేదు.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి ప్రతి తీరపు ఇల్లాలికీ తెలుసు. చేప కన్ను ఉబ్బి మెరవాలి, గుంట పడకూడదు. మొప్ప ఎత్తితే లోపల ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. సొర్ర, టేకు లాంటి వాటికి అమ్మోనియా ఘాటు వస్తే పక్కన పెట్టేయాలి. రొయ్యకు తల నల్లబడి ఊడిపోతుంటే అది పాతది. పీతను చేతిలోకి తీసుకొని బరువు చూడాలి. ఒకే సైజు పీతల్లో బరువున్నదే కండ ఉన్నది. అడిగితే మనం కొన్న చేపను వండిపెట్టి, వంటకూలి తీసుకునే చిన్న హోటళ్లు తీర ప్రాంతాల్లో ఉంటాయి. పొద్దున్నే వెళ్లి మాట్లాడుకుంటే ఒప్పుకుంటారు, ఒంటిగంట రద్దీలో అడిగితే ఒప్పుకోరు. అది న్యాయమే.

రొయ్య విషయం విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే యాత్రికుడి డబ్బు ఎక్కువగా పోయేది దాని మీదే. గంజాం జిల్లా ఉత్తరపు అంచున చిలికా సరస్సు ఉంది. ఉప్పునీరు, మంచినీరు కలిసే చోటు కాబట్టి అక్కడి రొయ్యకూ పీతకూ వేరే రుచి ఉంటుంది. పూడికతో సముద్రానికి దారి మూసుకుపోతూ వచ్చి, చేపల రాబడి బాగా పడిపోయిన కాలం ఒకటుంది. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వాక ఉప్పునీటి రాకపోక మెరుగుపడి మళ్లీ రొయ్య, పీత, చేప పెరిగాయి. రంభా, బర్కుల్ వైపు వెళ్లి సరస్సు ఒడ్డున తినడం దీనివల్లే విలువైన పని. అయితే ఏడాది పొడుగునా, ఏ ధరకైనా, ఒకే సైజులో దొరుకుతున్న రొయ్య చాలావరకు చెరువులో పెంచిన వనామీ. ఈ రకం పెంపకానికి మన దేశంలో 2009లో అనుమతులు వచ్చాయి, ఆ తరవాత తూర్పు తీరమంతా అల్లుకుపోయింది. చెరువు రొయ్య తినకూడనిదేం కాదు. దాన్ని చిలికా రొయ్య పేరుతో, చిలికా ధరకు అమ్మడమే అన్యాయం. సముద్రపు రొయ్యా సరస్సు రొయ్యా ఒకే గంపలో సైజు తేడాలతో వస్తాయి. పళ్లెంలో అన్నీ అచ్చుపోసినట్టు ఉంటే సంగతి ఊహించుకోవచ్చు.

ఇక మళ్లీ వచ్చే మనుషులు ఈ ప్రాంతంలో ఎవరు? ఊరికి ఆనుకొని ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. బరంపురం నుంచి వచ్చే దారిలో భంజవిహార్ దగ్గర బరంపురం విశ్వవిద్యాలయం ఉంది. ఉత్తరాన ఓడరేవు ఉంది, ఇప్పుడది అదానీ సంస్థ చేతిలో ఉంది. వీటిలో పనిచేసేవాళ్లు, చదువుకునేవాళ్లు, లారీలు నడిపేవాళ్లు, బరంపురం నుంచి తిరిగే ఆటోలవాళ్లు, బస్సులవాళ్లు రోజూ ఎక్కడో ఒకచోట తింటారు. వాళ్ల జేబులో యాత్రికుడి డబ్బు ఉండదు, వాళ్ల నాలుకకు ఓర్పు అంతకంటే ఉండదు. కాబట్టి అలలు కనిపించే వరస వదిలేసి బజారులోకి, బస్సులు ఆగే వైపు నడిచి, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి ఒకటిన్నర మధ్య ఏ హోటలు ముందు ఆటోలు నిలిచి ఉన్నాయో చూడాలి. రెండింటి తరవాత చూస్తే ఉపయోగం లేదు, అప్పటికి మంచి హోటల్లో చేప అయిపోయి ఉంటుంది. “చేప అయిపోయిందండీ” అనే మాట వినిపిస్తే ఆ హోటలు పేరు గుర్తుపెట్టుకొని మర్నాడు ముందుగా వెళ్లడం మంచిది. రాత్రి పదింటికి కూడా అన్ని రకాలూ ఉన్నాయనే చోట ఐసు పెట్టె పెద్దదై ఉంటుంది.

ఇలాంటి భాత హోటల్లో, అంటే అన్నం పెట్టే చిన్న భోజనశాలలో కూర్చుంటే పెద్ద పళ్లెం నిండా అన్నం, దాలి, ఒక కూర, వేపుడు, చేప ముక్క వస్తాయి. దాల్మా దొరికితే తప్పక వేయించుకోవాలి. కందిపప్పులోనో శనగపప్పులోనో అరటికాయ, గుమ్మడి, వంకాయ, బొప్పాయి కాయ వేసి ఉడికించి, జీలకర్ర, ఎండుమిర్చి వేయించి దంచిన పొడి చల్లుతారు. మన ముక్కల పప్పుకు చుట్టమే గాని చింతపండు ఉండదు. వేసవిలో పఖాళ పెట్టే చోటు ఇంకా మంచిది. నీళ్లు పోసి పులియనిచ్చిన అన్నం, పక్కన వేయించిన వడియాల పొడి, ఆకుకూర, కాల్చిన శుఖువా అంటే ఎండుచేప, చిన్న చేపల వేపుడు. చద్దన్నం తిని పెరిగిన ఉత్తరాంధ్ర నాలుకకు ఇది పరాయి తిండి అనిపించదు. ఏప్రిల్ ఎండలో సముద్రం ఒడ్డున బిర్యానీ తినడం కంటే ఒంటికీ ఇదే మేలు.

పొద్దుటి ఫలహారానికి, మాంసం తినని కుటుంబాలకు మాత్రం బరంపురాన్ని మించింది లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచీ ఉన్న తెలుగువాళ్లు, ఒడియావాళ్లు కలిసి ఈ ఊరి టిఫిన్‌ను తయారుచేశారు. ఇడ్లీ, దోసె మన వైపువే, పక్కన పోసే ఘుగుని, అంటే బఠాణీ కూర, ఒడియావాళ్లది. పూరీతో ఉప్మా కలిపి తినడం ఈ ఊరి అలవాటు, బయటివాళ్లకు వింతగా అనిపించినా రెండు ముద్దల తరవాత అర్థమవుతుంది. ఉదయం ఏడింటికి వేడి వేడిగా తినాలి, పదింటికల్లా బండ్లు ఖాళీ అయిపోతాయి. గోపాల్‌పూర్‌లో గది తీసుకున్నవాళ్లు ఒక్క పొద్దునైనా గదితో వచ్చే ఫలహారం వదిలేసి ఆటో ఎక్కితే, దారి ఖర్చు పోను కూడా నష్టపోరు. తిరిగి వచ్చేటప్పుడు బరంపురం అప్పడాలు, ఊరగాయ తెచ్చుకోవచ్చు. ఇవి వందల ఇళ్లల్లో ఆడవాళ్ల చేతి పని. దారి పక్కన ముళ్ల ఆకులతో గుబురుగా కనిపించే పొదలు మొగలి పొదలు. దేశమంతా మిఠాయిల్లోనూ బిర్యానీలోనూ వేసే కేవడా నీళ్లకు, అత్తరుకు ముఖ్యమైన ఆధారం గంజాం తీరపు మొగలి పువ్వే. రాగి డేగిశాల్లో కాచి దాన్ని తీస్తారు. భౌగోళిక గుర్తింపు కూడా దీనికి ఉంది. ఇంత సువాసన పుట్టే చోట ఊరికి దానితో పెద్దగా పేరు రాకపోవడం బాధాకరం.

తిథులు కూడా తెలిసి ఉండాలి, ఇవి తెలియక ఇబ్బందిపడే తెలుగువాళ్లు ఎక్కువ. దసరా నుంచి చలికాలం చివరివరకు బెంగాలీ యాత్రికుల కాలం. అప్పుడు గది ధరా చేప ధరా రెండూ పెరుగుతాయి, మెనూలు వాళ్ల నాలుకకు తగ్గట్టు మారతాయి. అదే సమయంలో కార్తీకం వస్తుంది. ఒడియా ఇళ్లల్లో చాలామంది ఆ నెలంతా నీచు ముట్టరు. పున్నమితో ముగిసే ఆ నెల చివరి ఐదు రోజులను పంచుక అంటారు. కొంగ కూడా ఆ రోజుల్లో చేప ముట్టదని సామెత, అందుకే దానికి బక పంచకమనే పేరు. ఊరివాళ్లు మానేసిన ఆ రోజుల్లో చేప వండే హోటళ్లు పూర్తిగా యాత్రికుల కోసమే వండుతాయి, చేప అటూ ఇటూ తిరగక మిగిలిపోతుంది. ఆ ఐదు రోజులూ గుడి దగ్గరో, ఒడియా భోజనశాలలోనో కార్తీక నియమంలో తినే హబిస దాల్మా, పచ్చిబియ్యపు అన్నం తినడం రుచికీ మంచిదే. పసుపు లేకుండా, నేతితో, అల్లంతో వండే ఆ దాల్మా మామూలు రోజుల్లో దొరకదు. పున్నమి మర్నాడు ఛాడఖాయి. నెల రోజుల నియమం విడిచి ఊరంతా మాంసం, చేప కొంటుంది. ఆ రోజు బజారులో ధర ఆకాశంలో ఉంటుంది, కానీ సరుకు వచ్చింది వచ్చినట్టు అయిపోతుంది కాబట్టి పాతది ఉండదు. మార్గశిరంలో గురువారాలు ఇక్కడ మాణబసా లక్ష్మీపూజ. మన లక్ష్మివారాలే అవి, ఆ రోజుల్లోనూ ఊరి హోటళ్లలో నీచు తగ్గుతుంది.

సముద్రానికీ తన నియమాలున్నాయి. గోపాల్‌పూర్‌కు ఉత్తరాన ఋషికుల్యా నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు లక్షల్లో గుడ్లు పెడతాయి. వాటిని కాపాడటానికి ఒడిశా ప్రభుత్వం నవంబరు 1 నుంచి మే 31 వరకు ఋషికుల్యా, దేవి, ధామ్రా ముఖద్వారాల దగ్గర ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల వరకు వేటను నిషేధిస్తుంది. అది కాక తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. చేప గుడ్లు పెట్టి పెరిగే కాలం అది. ఈ రెండు నెలల్లో ఒడ్డున పెద్ద చందువా, పెద్ద వంజరం పళ్లెంలోకి వచ్చిందంటే అది ఎక్కడి నుంచి, ఎప్పుడు వచ్చిందో అడిగే హక్కు తినేవాడికి ఉంది. చిన్న సంప్రదాయ పడవలు తెచ్చే చిన్న చేపలు, చిలికా చేప, ఎండు నెత్తళ్ల వేపుడు, వంకాయ ఎండుచేపల కూర ఆ కాలానికి తగిన తిండి. సరిగ్గా అదే వేసవి సెలవుల కాలం కావడంతో, యాత్రికులు ఎక్కువ, చేప తక్కువ అయి, హోటళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి ఐసు పెట్టెలోనే తీరుతుంది.

ఈ చేప తెచ్చేవాళ్ల బతుకు కూడా ఆ పళ్లెం ధరలో ఉంటుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తాకింది. పడవలు, వలలు పోయినవాళ్లు అప్పులు చేసి మళ్లీ కొన్నారు. ఋషికుల్యా దగ్గరి పొడంపేట లాంటి పల్లెల్లో ఇళ్లనే సముద్రం తీసుకుపోయింది. ఇంతా చేసి, మంచి చేప షావుకారి పెట్టెలోకి పోతుంటే, యాత్రికుడు హోటల్లో కట్టిన డబ్బులో వలవాడికి చేరేది చాలా తక్కువ. పొద్దున్న ఇసుక మీదే గంపలోంచి కొని వండించుకుంటే ఆ డబ్బు నేరుగా పల్లెకు వెళ్తుంది, పైగా తాజా చేపా దక్కుతుంది. నోలియా పల్లెల ఆడవాళ్లు తమ చేతి పులుసు, చద్దన్నం, ఎండుచేపల వేపుడు వండి పెట్టే చిన్న భోజనశాల ఒకటి ఒడ్డున ఉంటే, అది ఈ తీరానికి ఏ రిసార్టు భోజనశాలకూ తీసిపోని పేరు తెస్తుంది. స్వయం సహాయక సంఘాలు ఇంత పెరిగిన రాష్ట్రంలో అది చేయలేని పనేమీ కాదు.

నిషేధం ముగిసిన జూన్ 15 నుంచి పడవలు మళ్లీ కదులుతాయి. వానలు మొదలవుతాయి, లాడ్జీలు ఖాళీ అవుతాయి, ఒడ్డున ఫోటోలు తీసుకునేవాళ్లు ఉండరు. సముద్రం రేగితే రెండు మూడు రోజులు వేట ఉండదు, అప్పుడు ఓర్చుకోవాలి. రేగని రోజున ఇలస దిగుతుంది. ఒడియాలో ఇలిశి, ఆవాల ముద్దతో చేసేది ఒకటి, చింతపండుతో మన వాళ్లు చేసేది ఒకటి. హోటలువాడికి అప్పుడు దిక్కు ఊరివాళ్లే, యాత్రికుడు కూడా వాళ్ల పక్కనే కూర్చొని అదే గిన్నెలోది తింటాడు. జూలై, ఆగస్టు నెలల్లో ఒక వానరోజు ఇచ్ఛాపురంలో బస్సెక్కి, బరంపురంలో పూరీ ఉప్మా తిని, పదకొండింటికల్లా గోపాల్‌పూర్ బజారులో దిగితే, అప్పటికి పొయ్యి మీద పులుసు ఉడుకు పట్టి ఉంటుంది.